ఎల్క్ కాల్స్‌తో ఐదు సెప్టెంబర్లు: కొత్త వేటగాడికి ఏది పనికొచ్చింది

ఎల్క్ అనే పెద్ద జింకని దాని గొంతుతోనే పిలిచే పరికరాలు కాల్స్. నా సంచిలో ఇప్పుడున్నవి ఇవి: నోట్లో అంగిటికి పెట్టుకునే డయాఫ్రమ్‌లు నాలుగు, పళ్ళతో నొక్కి ఊదే కౌ కాల్ (ఆడ ఎల్క్ గొంతు పలికేది) ఒకటి, చేత్తో నొక్కితే పలికేది ఒకటి, మగదాని కూత, అంటే బ్యూగిల్, ఊదే ట్యూబు ఒకటి. మొదటిది 2021 జూలైలో కొన్నాను. అప్పటికి అమెరికాలోని కొలరాడో వచ్చి ఆరేళ్ళు, హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట శిక్షణ పూర్తిచేసినట్టు ఇచ్చేది) చేతికొచ్చి నాలుగు నెలలు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి ఆ కార్డు లేకపోతే ఇక్కడ వేట లైసెన్సు ఇవ్వరు. విల్లు పట్టడం నేర్పేవాళ్ళు దొరికారు గానీ ఎల్క్‌ని పిలవడం ఎవరూ నేర్పలేదు. ఐదు సీజన్లలో మూడు ఖాళీ చేతులతో తిరిగొచ్చాను. 2023లో ఒక ఆడ ఎల్క్, 2024లో ఒక బుల్, అంటే మగది, దొరికాయి. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ఎల్క్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. ఇది మన నల్లమల కణుజుకి చుట్టం. మగది 300 కిలోలు దాటుతుంది. వాపిటి అని ఇంకో పేరుంది. షానీ భాషలో తెల్ల పిరుదులది అని అర్థం. నేను పెరిగింది దోర్నాలలో. రాత్రిపూట అడవివైపు నుంచి కణుజు ఒక్కసారిగా అరిస్తే మా తాత చేతిలో పనాపి, "పులి కదిలిందిరా" అనేవాడు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది, ఆగాల్సిందే. ఇక్కడ లెక్క వేరు. ఏ ప్రాంతంలో ఎన్ని, ఏ తేదీల్లో, ఏ ఆయుధంతో అన్నది రాష్ట్ర వన్యప్రాణి శాఖ తేలుస్తుంది. విల్లు వేట దాదాపు సెప్టెంబరంతా ఉంటుంది, ఎల్క్ జతకట్టే కాలం కూడా అదే. అందుకే కాల్స్ పనిచేస్తాయి.

డయాఫ్రమ్‌తో మొదలుపెడతాను, నన్ను ఎక్కువ కష్టపెట్టింది అదే కాబట్టి. గుర్రపు నాడా ఆకారంలో చిన్న లోహపు చట్రం, దాని మీద బిగించిన పల్చటి రబ్బరు పొర, చుట్టూ టేపు. అంతే వస్తువు. అంగిటికి ఆనించి, నాలుక మధ్యభాగంతో పొరని పైకి నొక్కుతూ గాలి వదలాలి. చిన్నప్పుడు కొబ్బరాకు చుట్టి బూర ఊదినవాళ్ళకి సూత్రం వెంటనే అర్థమవుతుంది: సన్నటి అంచు వణకాలి, గాలి అంతా ఆ సందులోంచే పోవాలి, పక్కల నుంచి కారకూడదు.

మొదటి వారం నాకు వాంతి వచ్చినట్టయ్యేది. కారణం తర్వాత తెలిసింది. టేపు నా అంగిటికంటే వెడల్పు, వెనక అంచు గొంతుకి తగులుతోంది. గోళ్ళ కత్తెరతో చుట్టూ బియ్యపుగింజ మందాన కత్తిరించాను, చట్రం దాకా పోకుండా. ఆ రోజే వికారం తగ్గింది. ఈ ఒక్క మాట ముందే ఎవరన్నా చెప్పి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి. ఇంకో సంగతి, అన్ని అంగిళ్ళూ ఒకలా ఉండవు. నాకు ఇరుకు చట్రం సరిపోయింది, మా బావమరిదికి వెడల్పుదే కుదిరింది. ఒకే రకం మూడు కొనకండి, మూడు రకాలు ఒక్కొక్కటి కొనండి.

పదిరోజులు ఉత్త గాలే వచ్చింది. ఆఫీసుకి పోను అరగంట, రాను అరగంట, కార్లో అద్దాలెత్తుకుని అదే పని. పదకొండో రోజు సన్నగా ఒక కీచు. దాన్ని పట్టుకుని, నాలుక ఒత్తిడి కొంచెం కొంచెం వదులుతూ పోతే స్వరం పైనుంచి కిందికి జారింది: "ఈ...యౌ". అదే ఆడ ఎల్క్ మామూలు కూత. ఒక సెకను మించదు. గట్టిగా మొదలై మెత్తగా పడాలి. గాలి బుగ్గల్లోంచి కాదు, పొట్టలోంచి రావాలి. చలికి వేళ్ళు కాచుకునేటప్పుడు "హా" అని ఊదుతామే, అచ్చం ఆ గాలి. కొత్తవాళ్ళకి ఒంటి పొరది, పల్చటి రబ్బరుది మంచిది. తక్కువ గాలికే పలుకుతుంది. రెండు మూడు పొరలవి బ్యూగిల్‌కి బాగుంటాయి గానీ వాటికి ఊపిరి కావాలి. పదివేల అడుగుల ఎత్తులో, కొండెక్కి ఆయాసపడుతూ ఆ ఊపిరి ఎక్కడ తెస్తాం?

పళ్ళ మధ్య పెట్టి ఊదేది మొదటి రోజే పలుకుతుంది. పెదవుల ఒత్తిడి ముందుకీ వెనక్కీ జరిపితే పెద్ద ఆడదాని గొంతు, పిల్ల గొంతు రెండూ వస్తాయి. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. టేబుల్ మీద ఉన్నది తీసి ఊదితే పక్కింటి పెద్దాయన కంచె దగ్గరకొచ్చి ఎవరు పిలిచారని అడిగాడు. ఆయన నలభై ఏళ్ళుగా వేటాడుతున్న మనిషి. నా 2023 ఆడ ఎల్క్ వచ్చింది దీనికే. దీని లోటు ఒక్కటే, ఒక చెయ్యి కావాలి. విల్లు లాగాక చెయ్యి ఖాళీ ఉండదు. చేత్తో నొక్కేదానికి నైపుణ్యం అక్కర్లేదు గానీ స్వరంలో మార్పు తక్కువ. పిలిచేవాడు వేరే ఉన్నప్పుడు, రెండో ఆడ ఎల్క్ గొంతుగా అది బాగుంటుంది. చిన్నచూపు చూడాల్సిన వస్తువు కాదు.

ఇక బ్యూగిల్. ఇది మగదాని కూత. లోతుగా మొదలై, ఈలలా పైకిపోయి, చివర "కహ్ కహ్ కహ్" అని తెగుతుంది. అంత పెద్ద జంతువు నుంచి అంత సన్నటి ఈల ఎలా వస్తుందని మొదటిసారి విన్నప్పుడు నిలబడిపోయాను. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో దీని గుట్టు చెప్పారు: కింద బరువైన గర్జన, పైన 4,000 హెర్ట్జ్ దాకా పోయే ఈల, రెండూ ఒకేసారి పలుకుతాయట. ట్యూబు ఆ కింది బరువుని తెచ్చిపెడుతుంది. డయాఫ్రమ్ ఒక్కదానితో బ్యూగిల్ ఊదితే పలచగా, పిట్ట కూసినట్టుంటుంది.

నేర్చుకోవాలంటే ముందు వినాలి. సెప్టెంబరు చివర్లో సాయంత్రం ఎస్టెస్ పార్క్ అనే ఊరివైపు, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని మొరెయిన్ పార్క్ దగ్గర రోడ్డు పక్కన నిలబడితే చాలు. ఏ కూతకి ఏ ఆడది తలెత్తింది, ఏ బుల్ తన గుంపుని కూడగట్టుకుంది, అన్నీ కళ్ళముందే. అక్కడ వేట నిషేధం, కాల్స్ ఊదడం కూడా నిషేధం. సంచి కార్లోనే వదిలేసి, చెవులు మాత్రం తీసుకెళ్ళండి. నేను ఏటా రెండు సాయంత్రాలు వెళ్తాను. ఏ వీడియో ఇవ్వనిది అక్కడ దొరికింది: కూతల మధ్య ఎంతసేపు మౌనంగా ఉంటాయో తెలిసింది.

ఆ మౌనం తెలియకే 2021, 2022 పోయాయి. మొదటి ఏడాది ఫ్లాట్ టాప్స్ కొండల్లో తెల్లారకముందే ఒక బుల్ కూత విని, నేర్చుకున్న బ్యూగిల్ అంతా దానిమీద ప్రయోగించాను. అది తన ఆడవాటిని కూడగట్టుకుని అవతలి కొండకి తోలుకెళ్ళింది. గుంపున్న బుల్‌కి కొత్త మగ గొంతు వినిపిస్తే కొట్లాటకే వస్తుందని ఏం లేదు, ఉన్నవాటిని కాపాడుకుని పోవడమూ దాని పద్ధతే. రెండో ఏడాది ఆడ కూతలు రెండు నిమిషాలకొకటి పిలిచాను. ఒక లోయలో నా పిలుపుకి అంత చక్కగా బదులిస్తున్నది ఇంకో వేటగాడని గంట తర్వాత ఎదురుపడ్డాక తెలిసింది. ఇద్దరం చేతులు కలుపుకుని చెరో దారి పట్టాం. అందరూ తిరిగే ప్రభుత్వ అడవిలో అతిగా కూసేవాళ్ళు చాలామంది. అక్కడి ఎల్క్‌కి ఆ గొంతులు అలవాటైపోయాయి.

గాలి సంగతి కూడా అప్పుడే తలకెక్కింది. తెల్లవారుజామున చల్లగాలి కొండ మీదనుంచి కిందికి జారుతుంది. ఎండ పడ్డాక పైకి తిరుగుతుంది. ఆ మార్పు వేళ అది ఎటూ నిలవదు. చిన్న సీసాలో మెత్తటి పొడి పెట్టుకుని పదేపదే చిమ్మి చూసుకోవాలి. 2022లో ఎంత బాగా పిలిచినా, ఒక ముసలి ఆడది నా వాసన పట్టి "భౌ" అని ఒక్క అరుపు అరిచింది. తాత చేతిలో పనాపిన కణుజు గుర్తొచ్చింది. ఆ అరుపు తర్వాత ఆ కొండమీద ఒక్కటీ మిగల్లేదు.

2024 సెప్టెంబరు మూడో వారం. మా బావమరిది, నేను. పొద్దున్న ఏడు కావస్తోంది, గాలి కిందికే జారుతోంది, మేం కిందున్నాం. పైన స్ప్రూస్ చెట్ల చీకట్లోంచి బుల్ కూసింది, రెండు వందల గజాలుంటుంది. నేను ఒక చెట్టు మొదట్లో మోకాళ్ళమీద, అతను నాకు అరవై గజాలు వెనక. వేటగాడు ముందు, పిలిచేవాడు వెనక ఎందుకంటే, బుల్ పిలుపు వచ్చిన చోటు కనపడేదాకా వచ్చి ఆగిపోతుంది. ఆగే ఆ చోటు విల్లుకి అందాలి. అతను రెండు మెత్తటి ఆడ కూతలు ఊది ఆపేశాడు. బుల్ బదులిచ్చింది. మేం పలకలేదు. ఐదు నిమిషాలు. నా నోట్లో డయాఫ్రమ్ ఉంది, పిలవాలని నాలుక లేస్తోంది. ఆపుకున్నాను.

డెబ్భై గజాల దగ్గర అది ఆగింది. కొమ్ములు మాత్రం కనిపిస్తున్నాయి. అప్పుడు బావమరిది చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోను. వెనక్కి తిరిగి, కాల్ అవతలివైపు పెట్టి, సన్నగా ఒక్కసారి పిలిచాడు, కాలికింద ఒక పుల్ల విరిచాడు. ఆడది విసిగి వెళ్ళిపోతున్నట్టు వినిపించింది. బుల్ దిగింది, తల వంచి, తొందరగా. దాని కన్ను లావుపాటి చెట్టు వెనక్కి పోగానే విల్లు లాగాను. చెట్టు దాటాక నడుస్తూనే ఉంది. నోట్లోంచి ఒక్క చిన్న "యౌ". టక్కున ఆగింది, ఇరవై నాలుగు గజాల్లో, పక్కవాటుగా. డయాఫ్రమ్ కోసం పడ్డ కష్టమంతా ఆ ఒక్క అర సెకను కోసమే అని నాకు అప్పుడు తెలిసింది. చేతులు రెండూ విల్లుమీద ఉన్నప్పుడు అది తప్ప ఇంకేదీ ఆ పని చెయ్యలేదు.

బాణం వదిలాక నలభై నిమిషాలు కదలకుండా కూర్చుని, తర్వాత నెత్తుటి జాడ వెంట వెళ్ళాం. నూట పది గజాల అవతల పడి ఉంది. దాని మెడమీద చెయ్యి వేసి కాసేపు అలా ఉండిపోయాను. "బావా, గాలి మారుతోంది, పొద్దెక్కుతోంది" అని అతను భుజం తట్టేదాకా కత్తి తియ్యలేదు. మాంసం మోయడానికి ఆ రోజు, మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. కొవ్వు లేని మాంసం; కుక్కర్లో ముందు ఉడికించి గోంగూరలో వేస్తే మా ఇంట్లో ఇంకో కూర అడగరు.

2025లో పిలిస్తే రెండుసార్లు దగ్గరకొచ్చింది కొమ్ములు ఒంటి ఊచల్లా ఉన్న కుర్ర బుల్. నేను తిరిగే ప్రాంతంలో బుల్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు రెమ్మలన్నా ఉండాలి, లేదా నుదుటి రెమ్మ ఐదంగుళాలన్నా ఉండాలి. పద్దెనిమిది గజాల్లో నిలబడి నన్ను వెతుక్కుని వెళ్ళిపోయింది. కాల్ పనిచేసిందా అని అడిగితే, ఆ రోజు పనిచేసినంతగా ఎప్పుడూ పనిచెయ్యలేదు.

మన్నిక గురించి. డయాఫ్రమ్ ఒక సీజన్ వస్తువు. ఎండ తగిలితే రబ్బరు సాగిపోతుంది, కార్లో డాష్‌బోర్డు మీద వదిలేస్తే పోయినట్టే. వాడాక మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, పొరలు అంటుకోకుండా మధ్యన పంటిపుల్ల దూర్చి పెడతాను. సీజన్ అయ్యాక ఫ్రిజ్‌లో. 2022లో ఆన్‌లైన్‌లో చవగ్గా మూడు కలిపి కొన్న ప్యాకెట్‌లో రెండింటికి వారంలోనే టేపు ఊడింది. అమ్మినవాళ్ళు నోట్లో పెట్టుకున్న వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. అందుకని ముందు ఒక్కటే కొని చూడండి. ట్యూబుకి గుడ్డ తొడుగు ఉన్నది తీసుకోండి, కొమ్మకి తగిలి టంగుమంటే పొద్దుటి నడకంతా వృథా.

మొదటి ఏడాది వాళ్ళకి నేను చెప్పేది: పళ్ళతో ఊదేది ఒకటి, ఇరుకుదీ వెడల్పుదీ ఒంటి పొర డయాఫ్రమ్‌లు రెండు. అన్నీ కలిపి యాభై డాలర్లలోపే. ట్యూబు రెండో ఏడాది చూసుకోవచ్చు. డయాఫ్రమ్ జూలైలో కాదు, మార్చిలో మొదలుపెట్టండి. ఇంట్లో ఒప్పుకోకపోతే కారుంది.

మా అమ్మాయికి వచ్చే ఆగస్టుకి పన్నెండు నిండుతాయి, ఇక్కడ పెద్ద జంతువుల వేటకి అదే కనీస వయసు. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి పేరు రాయించాం. డయాఫ్రమ్ టేపు తనకి మరీ పెద్దదైంది, పోయిన ఆదివారం కూర్చుని కత్తిరించి ఇచ్చాను.