మోమెటాసోన్ క్రీమ్ ఏడాదిన్నర వాడాక

మోమెటాసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం క్రీమ్, చర్మానికి రాసే స్టెరాయిడ్ మందు, 15 గ్రాముల ట్యూబ్. డాక్టర్ రాసిస్తే ఏడాదిన్నరగా వాడుతున్నాను. మందుకి ఐదుకి ఐదు మార్కులు వేస్తాను. దాంతోపాటు డబ్బాలో మడిచిపెట్టే కాగితానికి మాత్రం రెండే. ఆ రెండు మార్కుల వెనక నేను పడ్డ బాధ చాలా ఉంది కాబట్టి అదంతా చెబుతాను.

నేను టీచర్ని. సుద్దముక్క పట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, మళ్లీ సుద్దముక్క పట్టుకోవడం. రెండు చేతుల వెనకవైపూ, మోచేతి మడతల్లోనూ ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి విపరీతంగా దురదపెట్టే జబ్బు, వచ్చింది. పగలు ఎలాగో ఓర్చుకునేదాన్ని. రాత్రి నిద్రలో తెలియకుండానే గీరేసుకునేదాన్ని, పొద్దున లేచేసరికి దుప్పటి మీద రక్తపు మరకలు ఉండేవి.

డాక్టర్ ఈ క్రీమ్ రాశారు. స్టెరాయిడ్ అనే మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. కాగితంలో ‘పలుచగా రాయాలి’ అని ఉంది. ఎంత పలుచగా? అది లేదు. భయం కొద్దీ పెసరగింజంత తీసి రెండు చేతులకీ సరిపెట్టేదాన్ని. దురద కాస్త తగ్గగానే ఆపేసేదాన్ని, రెండు రోజులకి మళ్లీ మొదలయ్యేది. ఇలా ఒక్క ట్యూబ్ నాలుగు నెలలు వచ్చింది. జాగ్రత్తగా వాడుతున్నాననే అనుకున్నాను. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టర్ చేతులు చూసి, “ట్యూబ్ ఎన్నాళ్లొచ్చిందమ్మా?” అని అడిగారు. చెప్పాను. “అందుకే తగ్గలేదు” అన్నారు.

అప్పుడు నేర్పారు వేలి కొలత. చూపుడు వేలి కొస నుంచి మొదటి గణుపు గీత దాకా ట్యూబ్ నుంచి ఒక గీతలా క్రీమ్ పిండాలి. అది సుమారు అర గ్రాము. వేళ్లు దగ్గరగా పెట్టిన రెండు అరచేతులంత మేరకి అది సరిపోతుంది. పెద్దవాళ్ల వేలు, పెద్దవాళ్ల అరచేయి లెక్క ఇది. 1991లో లాంగ్, ఫిన్లే అనే ఇద్దరు ఈ కొలత చెప్పారట. ట్యూబ్ మూతి వెడల్పు ఐదు మిల్లీమీటర్లు ఉంటేనే ఈ లెక్క సరిగ్గా వస్తుంది. సన్న మూతి అయితే అదే పొడవులో తక్కువ మందు వస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నా రెండు చేతుల వెనకవైపుకీ కలిపి ఒక వేలి కొలత, రెండు మోచేతి మడతలకీ కలిపి ఇంకొకటి. అంటే రోజుకి ఒక గ్రాము, రోజుకి ఒక్కసారే. పది రోజులకి పది గ్రాములు. నాలుగు నెలలు లాక్కొచ్చిన ట్యూబ్‌లో మూడింట రెండు వంతులు పది రోజుల్లోనే అయిపోవాలన్నమాట. వింటే భయం వేసింది కానీ, చెప్పినట్టే చేశాను. నాలుగో రాత్రి గీరుకోకుండా నిద్రపోయాను. అది ఎంత పెద్ద సంగతో ఎగ్జిమా ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పదో రోజుకి చర్మం నున్నగా అయింది.

క్రీమ్ తెల్లగా ఉంటుంది, వాసన లేదు, త్వరగా ఇంకిపోతుంది. బాగా మందంగా, పగుళ్లతో ఉన్న చోట ఆయింట్‌మెంట్ మేలంటారు కానీ ఆ జిడ్డుతో పుస్తకాలు ముట్టుకోలేను, అందుకే నాకు క్రీమే నయం. మాయిశ్చరైజర్ రాసిన వెంటనే దీన్ని రాయను, మధ్యలో అరగంట ఆగుతాను. ఒకదాని మీద ఒకటి రాస్తే మందు పలచబడి, అక్కర్లేని చోటికీ పాకుతుంది.

చర్మం బాగయ్యాక ఏం చేయాలో కూడా ఆ కాగితంలో లేదు. నా చర్మం మాటిమాటికీ తిరగబెడుతోంది కాబట్టి తగ్గాక వారానికి రెండు రోజులు మాత్రం, ముందు ఎక్కడ వచ్చిందో అక్కడే రాయమన్నారు. నేను శని, ఆదివారాలు పెట్టుకున్నాను. మొదలుపెట్టిన తేదీ, రోజూ రాయడం ఆపాల్సిన తేదీ రెండూ ట్యూబ్ మీద మార్కర్ పెన్‌తో రాసుకుంటాను. ఈ ఒక్క అలవాటు నన్ను చాలా కాపాడింది. ఎందుకంటే పని చేస్తున్న మందుని ఆపడం కష్టం. నెలల తరబడి ఒకేచోట రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, చారలు పడతాయి. ఆ చారలు ఇక పోవు.

ఇప్పుడు నా తప్పు. గడ్డం మీద చిన్న ఎర్రమచ్చ వస్తే, చేతికి పనిచేసింది కదా అని ఇదే క్రీమ్ రాశాను. డాక్టర్‌ని అడగలేదు. రెండు రోజుల్లో పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాను. నెలన్నర గడిచేసరికి నోటి చుట్టూ ఎర్రటి చిన్న పొక్కులు లేచాయి. రాస్తే అణుగుతాయి, మానితే ఇంకా ఎక్కువగా లేస్తాయి. చివరికి వెళ్లి చూపిస్తే, క్రీమ్ వల్లే వచ్చాయి, పూర్తిగా ఆపాలి అన్నారు. ఆపిన మొదటి రెండు వారాలు ముఖం చూసుకోలేకపోయాను. మాత్రలు కూడా ఇచ్చారు. మామూలు కావడానికి రెండు నెలలు పట్టింది.

చర్మమంతా ఒకేలా ఉండదని నాకు అప్పటిదాకా తెలియదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌తో కొలిచి చూశారు. ముంజేయి లోపలివైపు చర్మం పీల్చుకున్నదాన్ని ఒకటి అనుకుంటే నుదురు ఆరు రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు, వృషణాల చర్మం 42 రెట్లు పీల్చుకుందట. నేను చేతికి రాసిన మందే గడ్డానికి రాశాను, కానీ గడ్డానికి అందింది అంతకి ఎన్నో రెట్లు. కనురెప్పల దగ్గర ఇంకా జాగ్రత్త, చాలాకాలం రాస్తే గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది. చంకలు, గజ్జలు, ముఖం, పిల్లల చర్మం, ఇవన్నీ డాక్టర్ విడిగా చెబితే తప్ప ముట్టుకోకూడని చోట్లు.

శాతాల సంగతి కూడా చెప్పాలి. స్కూల్లో నాతో పనిచేసే ఆవిడ దగ్గర క్లోబెటాసోల్ అనే ఇంకో స్టెరాయిడ్ క్రీమ్, 0.05 శాతంది, ఉంది. “నీదాంట్లో సగమే కదా, ఇది తీసుకో” అని ప్రేమగా ఇచ్చింది. ఈ అంకెల్ని ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య పోల్చకూడదు. క్లోబెటాసోల్ నాదానికంటే చాలా బలమైనది, రెండు వారాలకి మించి, వారానికి 50 గ్రాములకి మించి వాడకూడదని దాని మీదే హద్దు ఉంది. హైడ్రోకార్టిసోన్ 1 శాతం అంకెలో పెద్దదే, బలంలో అన్నిటికంటే తక్కువ. ఆవిడకి ఈ మాట చెప్పి ట్యూబ్ తిరిగిచ్చేశాను.

అన్నిటికంటే బాధ కలిగించింది మావారి విషయం. నడుము పట్టీ దగ్గర దురదగా ఉందని నాకు చెప్పకుండా నా ట్యూబ్ తీసి రాసుకున్నారు. తామర అంటే మనలో కొందరికి ఎగ్జిమా, కొందరికి ఫంగస్ వల్ల గుండ్రంగా వచ్చే మచ్చ. నా చేతులకి వచ్చింది కూడా ఇంట్లో తామరే అనేవాళ్లం. నీదీ తామర, నాదీ తామర, మందూ ఒకటే అనుకున్నారాయన. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణిచింది, ఫంగస్‌ని మాత్రం చంపలేదు, పైగా అది పెరగడానికి వీలిచ్చింది. నెల తిరిగేసరికి తొడల దాకా పాకింది. గుండ్రటి అంచు కూడా చెరిగిపోవడంతో చూసి గుర్తుపట్టడం డాక్టర్‌కి కష్టమైంది. చర్మం పొట్టు గీకి మైక్రోస్కోప్‌లో చూశాకే ఫంగస్ అని తేలింది. ఆయన మూడు వారాలు మింగిన మాత్రల మాట ఎలా ఉన్నా, అడగకుండా రాసుకునేంత తేలికగా ట్యూబ్‌ని అద్దం ముందు వదిలేసింది నేనే.

ఇప్పుడు కొత్త ట్యూబ్ నడుస్తోంది. నా పేరు, రాయాల్సిన చోట్లు, తేదీలు దాని మీద ఉన్నాయి, బీరువా లోపలి అరలో పెడుతున్నాను. పోయిన నెల డాక్టర్ మోచేతి మడతల్లో చర్మం సాగదీసి చూశారు. పలచబడలేదు, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించమన్నారు.