క్రాస్‌మ్యాచ్‌కు జెల్ కార్డు: తొమ్మిదేళ్లు వాడాక

కర్నూలులో ఒక బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. మొదటి ఆరేళ్లు క్రాస్‌మ్యాచ్, అంటే దాత రక్తం పేషెంటుకు సరిపడుతుందో లేదో చూసే పరీక్ష, అంతా గాజు ట్యూబుల్లోనే చేశాను. జెల్ కార్డులు వచ్చి ఇప్పటికి తొమ్మిదేళ్లు. కొనాలా వద్దా అని నంద్యాల, ఆదోని నుంచి ఫోన్ చేసే మిత్రులకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ట్యూబులో అయితే పేషెంట్ సీరంలో దాత కణాలు కలిపి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, సెలైన్‌తో మూడుసార్లు కడిగి, కూంబ్స్ సీరం (యాంటీబాడీ అంటుకున్న కణాలను గుత్తులు కట్టించే ద్రవం) వేసి తిప్పి, వెలుతురుకు పట్టుకుని మెల్లగా ఊపుతూ చూడాలి. తంటా అంతా ఆ ఊపడంలోనే. రక్తం సరిపడకపోతే కణాలు గుత్తులు కడతాయి, కాస్త గట్టిగా ఊపితే బలహీనమైన గుత్తి విడిపోతుంది. కడగడం సరిగా లేకపోతే కూంబ్స్ సీరం పనిచేయక, సరిపడని రక్తం కూడా సరిపడినట్టే కనిపిస్తుంది. రాత్రి మూడింటికి నా చెయ్యి ఊపే తీరు మీద నాకే నమ్మకం ఉండేది కాదు.

కార్డులో కడగడం లేదు, ఊపడం లేదు. చిన్న ప్లాస్టిక్ కార్డుకు ఆరు సన్నని గొట్టాలు, వాటిలో కూంబ్స్ సీరం కలిపిన జెల్. 0.8 శాతానికి పలుచన చేసిన దాత కణాలు 50 మైక్రోలీటర్లు, పేషెంట్ ప్లాస్మా 25 వేసి, పావుగంట ఇంక్యుబేటర్లో, పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో పెడతాం. రక్తం సరిపడితే కణాలు జల్లెడలోంచి జారినట్టు దిగి, అడుగున ఎర్రటి గుండీలా కూర్చుంటాయి. సరిపడకపోతే పైనే గీతలా ఆగిపోతాయి, లేదా మధ్యలో చెల్లాచెదురుగా చిక్కుకుంటాయి. అనుమానమొస్తే కార్డు పక్కన పెట్టి, పొద్దున డ్యూటీకొచ్చే అన్నకు చూపించొచ్చు. ఊపేసిన ట్యూబులో చూపించడానికి ఏం మిగులుతుంది?

ఒకసారి మూడో కాన్పుకు వచ్చినామె, ఓ పాజిటివ్. మొదటి బ్యాగుకే జెల్ కింది సగంలో ఇసుక చల్లినట్టు కణాలు. అదే ట్యూబులో చేస్తే నా కంటికి నెగెటివే, అంటే సరిపడినట్టే. కౌంటర్ దగ్గర ఆమె భర్త, "ఓ పాజిటివ్‌కు ఓ పాజిటివ్ ఇచ్చేదానికి ఇంతసేపేందప్పా?" అని ఒకటే గొడవ. ఆరు బ్యాగులు చూస్తే రెండు సరిపోయాయి. పెద్ద ల్యాబ్‌కు శాంపిల్ పంపితే, పాజిటివ్, నెగెటివ్ తేల్చే ఆర్‌హెచ్ కుటుంబంలోనే, చిన్న సి అనే యాంటిజెన్‌కు (కణాల మీద ఉండే గుర్తు) ఎదురు తిరిగే యాంటీబాడీ ఆమె రక్తంలో ఉందని తేలింది. ముందు కాన్పుల్లో బిడ్డ రక్తం తగిలి ఇలాంటివి పుడతాయి. గ్రూపు ఒకటే అయినంత మాత్రాన సరిపడదని ఆయనకు కార్డు చూపించే చెప్పాను. జెల్‌లో చిక్కుకున్న ఆ కణాలు చూశాక మాట్లాడలేదు.

ఇక తలనొప్పులు. మన ఎండలకు కార్డులు ఓర్చుకోవు. మావి 18 నుంచి 25 డిగ్రీల మధ్య, నిలబెట్టి ఉంచాలి. ఒక మే నెలలో రెండు రోజులు ఏసీ పోతే జెల్ ఎండి బుడగలు వచ్చాయి, పెట్టెలకు పెట్టెలు పారేశాం. రేకు తీసేముందు ప్రతి గొట్టంలో జెల్ పైన నీటి పొర ఉందో లేదో చూసుకోండి. సగం గడ్డకట్టిన శాంపిల్ వేస్తే గడ్డలోని ఫైబ్రిన్ పోగు కణాలను పైనే పట్టేసి, లేని తేడా చూపిస్తుంది. అందుకే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపేది) ఉన్న ట్యూబులో తీసిన శాంపిల్ అడగండి. ఖర్చు ఎక్కువే. మా సెంట్రిఫ్యూజ్‌లో వేరే కంపెనీ కార్డులు పట్టవు కూడా, కొనేముందే అడగాల్సింది.

కాన్పులో రక్తం ధారగా పోతుంటే అరగంట ఆగలేం. అప్పుడు సెలైన్ ట్యూబులో వెంటనే తిప్పి చూసి బ్యాగు ఇచ్చేసి, జెల్‌లో తర్వాత పూర్తిచేస్తాం. కాబట్టి ట్యూబులు పారేయకండి.

ఏ కార్డూ పట్టలేనిది ఒకటుంది. ఒక రాత్రి వార్డు నుంచి ట్యూబు వచ్చింది. గ్రూపు ఏ, బ్యాగు ఏ, కార్డులో చక్కని గుండీ. రిజిస్టర్‌లో చూస్తే అదే పేషెంటుకు రెండు నెలల కింద బీ అని రాసి ఉంది. అదే పేరున్న పక్క మంచం ఆమె రక్తం తీసి పంపారు. జెల్ తన పని తప్పులేకుండా చేసింది, దానికి తెలిసింది ట్యూబులో ఉన్న రక్తమే. అప్పటినుంచి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడిచ్చేది), రక్తం తీసినవారి సంతకం లేని ట్యూబును వెనక్కి పంపుతున్నాను. పాత రికార్డు లేని పేషెంటయితే గ్రూపు సరిచూసుకోవడానికి రెండో శాంపిల్ అడుగుతాను. వార్డు సిస్టర్లు విసుక్కుంటూనే పంపుతారు.