మస్కిటో బ్రోకర్‌తో ఐదేళ్లు: పేరు కుదిరితేనే +, # పనిచేస్తాయి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది మోటార్ వైండింగ్ షాపు. 2020లో రైతుల బోరు మోటార్లకి, ట్యాంకులకి సెన్సార్లు పెట్టడం మొదలుపెట్టాను, ఇప్పుడు కాశీనగర్, గుణుపురం వైపు కొన్ని, ఇటు బోర్డర్ దాటి పాతపట్నం దాకా కొన్ని, మొత్తం 23 మోటార్లు నా చేతిలో ఉన్నాయి. అన్నీ మాట్లాడుకునేది ఎంక్యూటీటీలో, అంటే ఇలాంటి పరికరాలు నెట్‌వర్క్ మీద చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి. మధ్యలో మెసేజ్‌లు అందుకుని పంచే బ్రోకర్ మస్కిటో, షాపులో ఒక మూల రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. కరెంటు పోయి వచ్చినా దానంతటదే లేచి కూర్చుంటుంది. మస్కిటోని వెర్షన్ 2.0కి మార్చినరోజు మాత్రం పొలాల్లో సెన్సార్లకి బిగించిన బోర్డులు ఒక్కటీ కనెక్ట్ కాలేదు, కాన్ఫిగ్‌లో లిజనర్ లైను (బయటి కనెక్షన్లు తీసుకోమని చెప్పేది) రాసి పాస్‌వర్డ్ ఫైలు పెట్టాక సరిపోయింది. నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు, టాపిక్ పేర్ల గురించి. ఈ ఐదేళ్లలో నేను పడ్డ టెన్షన్ అంతా అక్కడే.

తెలియనివాళ్ల కోసం: టాపిక్ అంటే మెసేజ్ మీద రాసే అడ్రసు, ముక్కకీ ముక్కకీ మధ్య / ఉంటుంది. వినేవాడు పూర్తి పేరు చెప్పక్కర్లేదు. + పెడితే ఆ ఒక్క ముక్క ఏదైనా పర్వాలేదని, # పెడితే అక్కడి నుంచి కింద ఉన్నదంతా కావాలని అర్థం. # చివర్లోనే రావాలి, + ముక్క మొత్తాన్నీ ఆక్రమించాలి, అంటే ‘మోటార్+’ అని సగం సగం కుదరదు. పంపేవాడు మాత్రం ఈ రెండూ వాడకూడదు, పూర్తి పేరే రాయాలి. 1999లో ఎడారిలోని ఆయిల్ పైప్‌లైన్లని శాటిలైట్ ద్వారా గమనించడానికి తయారుచేసినది ఈ ఎంక్యూటీటీ, ఖర్చు తక్కువ, కబుర్లు చిన్నవి, మా పొలాలకీ అదే కావాలి.

ఇక నా అనుభవం. మొదట్లో పేర్లలో ఊరు పెట్టాను: ‘పర్లాకిమిడి/రైతు7/ట్యాంకు/నిండింది’ (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, బోర్డుల్లో ఇంగ్లిషు అక్షరాలే). అలర్ట్ ప్రోగ్రామ్ వినేది ‘పర్లాకిమిడి/+/ట్యాంకు/నిండింది’. మా ఊరి పేరు తెలుగువాళ్లు ఒకలా, ఒడియావాళ్లు ఒకలా అంటారు, ఇంగ్లిషులో రాసేటప్పుడు ఇంకో నాలుగు రకాలు. షాపులో పనిచేసే కుర్రాడు కొత్త బోర్డులో ఒడియావాళ్లు పలికినట్టు ‘పారలాఖెముండి’ అని రాసి బిగించి వచ్చాడు. ఆ రాత్రి ట్యాంకు నిండింది, బోర్డు కబురు పంపింది, బ్రోకర్ తీసుకుంది, వినేవాడు లేడు కాబట్టి పారేసింది. తెల్లారి మావయ్య ఫోను: “ఏరా అల్లుడూ, నీకు కబురు రాలేదా? నారుమడంతా నీళ్లే!” లాగ్ చూస్తే ఎర్రర్ ఒక్కటి లేదు. టాపిక్‌ని ముందుగా రిజిస్టర్ చేయాల్సిన పని లేదు కదా, ఏ పేరుతో పంపితే ఆ పేరు అప్పుడే పుడుతుంది. కొత్తలో నాకు బాగా నచ్చిన గుణం అదే, ఆ రోజు నారుమడి ముంచింది కూడా అదే. చివరికి # ఒక్కటే పెట్టి, వచ్చే ప్రతి మెసేజ్‌నీ పేరుతో సహా తెరమీద చూస్తూ కూర్చుంటే దొరికింది.

ఆ తర్వాత పేర్లలోంచి ఊళ్లు తీసేశాను. ఇప్పుడు ‘రై07/మో1/కరెంటు’, అంతే. ఊరు, పొలం, ఫోను నంబరు వేరే పట్టికలో ఉంటాయి, మోటారు ఇంకో పొలానికి మారినా పేరు మారదు. రైతు కోడ్ ముందు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. లాగిన్ పేరు కూడా అదే ఇచ్చాను, దాంతో పర్మిషన్ల ఫైల్లో ‘ప్యాటర్న్’ లైను (లాగిన్ పేరుతో మొదలయ్యే టాపిక్‌లే చూడనివ్వమని చెప్పేది) ఒక్కటి రాస్తే ఎవరి మోటార్లు వాళ్లకే కనిపిస్తాయి, కొత్త రైతు వస్తే ఆ ఫైలు ముట్టుకోనక్కర్లేదు.

పేర్లు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. రిటైన్ (చివరి మెసేజ్‌ని బ్రోకర్ దగ్గరే దాచమని చెప్పే గుర్తు) పెట్టి పంపిన పాత మెసేజ్‌లు పాత పేరు మీద అలాగే ఉండిపోతాయి. ఆపేసిన మోటారు రెండు వారాలు ‘ఆన్’ అనే చూపించింది నాకు. పాత పేరుకి ఖాళీ మెసేజ్‌ని రిటైన్ పెట్టి పంపితేనే అది పోతుంది. ఇంకోటి, పేరు ముందు / పెట్టకండి. దానికి ముందు ఖాళీ ముక్క ఒకటి చేరి లెక్క మారిపోతుంది, ‘రై07/మో1’, ‘/రై07/మో1’ వేరువేరు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా అంతే.

2019లో వచ్చిన ఎంక్యూటీటీ 5లో, అందిందని జవాబు కోరి పంపిన మెసేజ్‌కి ‘ఈ పేరు వినేవాళ్లు ఎవరూ లేరు’ అని బ్రోకర్ తిరిగి చెప్పే కోడ్ ఒకటి ఉంది. నా నారుమడి కష్టానికి సరైన మందు అనుకుని బోర్డులన్నీ మార్చాను. తీరా చూస్తే ఆ జవాబు ఒక్కసారి కూడా రాలేదు. నారుమడి మునిగిన తర్వాత, అన్నీ రాసిపెట్టుకోవడానికి నేనే # మీద ఒక లాగర్ నడుపుతున్నాను, అంటే ఎంత తప్పు పేరుకైనా వినేవాడు ఒకడు ఎప్పుడూ ఉన్నట్టే! పోయిన నెల లాగర్‌కి # తీసేసి ‘+/+/కరెంటు’, ‘+/+/నిండింది’ లాంటివి విడివిడిగా ఇచ్చాను. మరుసటి రోజే కాశీనగర్ బోర్డు ఒకటి ఆ కోడ్ అందుకుని ఎర్ర లైటు వెలిగించింది, వెళ్లి చూస్తే ‘కరెంటు’ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తక్కువ.