హనుమకొండలో డార్క్‌రూమ్ క్లాసు: ప్రింటింగుకు ఇప్పుడే, రీలు కడగడానికి చలికాలంలో

ప్రింటింగు నేర్చుకోవాలంటే ఈ వారమే వెళ్లండి. ఫిల్ము రీలు కడగడం, అంటే దాన్ని మందుల్లో ముంచి బొమ్మ తేల్చడం, నేర్చుకోవాలంటే మాత్రం డిసెంబరు దాకా ఆగండి. హనుమకొండ చౌరస్తాకు కాస్త లోపలగా, ఒక పాత ఫొటో స్టూడియో మేడ మీద నడిచే డార్క్‌రూమ్ క్లాసు గురించి నా తీర్పు ఇదే.

నేను ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. ఎవరైనా కొలవకుండా అందాజుగా పోస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్టూడియో యజమాని పెద్దాయన. డెవలపరు, అంటే బొమ్మను తేల్చే మందు, ఎంత చల్లగా ఉందో చిటికెన వేలు ముంచి చెబుతారు. ‘నా థర్మామీటరు ఇదే టీచరమ్మా’ అంటారు. ఆయన వేలికి అది చెల్లుతుంది, కొత్తవాళ్ల వేలికి చెల్లదు. ఇల్ఫర్డ్ కంపెనీ హెచ్‌పీ5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ రీలును నీళ్లు కలపని ఐడీ-11 అనే డెవలపరులో కడిగితే, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. మే నెలలో మన కుళాయి నీళ్లే 30 డిగ్రీలు దాటతాయి. వేడి పెరిగేకొద్దీ సమయం తగ్గించాలి. ఐదు నిమిషాల లోపుకు దిగితే డెవలపరు ఫిల్మంతటా సమంగా పనిచేయదు, ఆకాశం మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆయన డెవలపరు సీసాను ఐసు టబ్బులో పెడతారు, మంచిదే. తేలిన బొమ్మను నిలబెట్టే మందు హైపోను, ఆఖర్న కడిగే నీళ్లను మాత్రం చల్లబరచకుండా అలాగే వదిలేస్తారు. వేడి నీళ్లలో ఫిల్ము మీది జెలటిన్ పొర ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది. పైగా వేసవిలో వెలుగు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి రీలు చుట్టాలంటే చెమటకు ఫిల్ము ప్లాస్టిక్ చక్రానికి అతుక్కుపోయి ముందుకు కదలదు.

హైపో విషయంలో ఆయనతో కాస్త వాదించాను. రీలు మొదట్లో కత్తిరించే ముక్కను అందులో వేసి, అది తేటపడటానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. తాజా హైపోకు పట్టిన సమయానికి రెట్టింపు పడితే ఇక దాన్ని వాడకూడదు. కాలువలో పోయనూ కూడదు, అందులో వెండి ఉంటుంది. పాత రోజుల్లో వెండి తీసేవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవారని ఆయనే చెప్పారు. అయినా సీసా మార్చలేదు.

ఇక ప్రింటింగు. ప్రింటు పేపరును పాడుచేయని ఎర్ర దీపం వెలిగించాక ఈయన వేరే మనిషి. వేయి స్తంభాల గుడిలో తీసిన నెగెటివ్ ఒకటి ఇచ్చాను. లోపల నున్నటి నల్లరాతి స్తంభం, వెనక మండిపోతున్న ఎండ. నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి పేపరు మీద వేసే ఎన్లార్జర్ లెన్సు రంధ్రాన్ని ఎఫ్8 కొలతకు తెచ్చి, ఒక్కో పట్టీకి ఒక్కోలా వెలుగు పడేలా పేపరు ముక్క మీద అట్టను ఐదేసి సెకన్లకోసారి జరిపించారు. పట్టీల్లో ఒకదాంట్లో స్తంభం చెక్కడం తేలింది, వెనక ఆకాశం ఉత్త తెల్లకాగితంలా ఉంది. మరోదాంట్లో ఆకాశం వచ్చింది, స్తంభం బొగ్గయింది. ‘ఇప్పుడు చేతులకు పని చెప్పండి’ అంటూ వేళ్లను గూడులా వంచి, స్తంభానికి వెలుగు తక్కువ తగిలేలా దాని మీద నీడ పట్టడం నేర్పించారు. ఆ వేళ్లు ఒక్క క్షణం ఆగవు, సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఆగితే నీడ అంచు ప్రింటు మీద అచ్చుపడుతుందట.

ఎర్ర దీపం కింద ప్రింటు అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడి ట్రేలోంచి ముందే లాగేస్తారు. ఈయన పటకారు మీద చెయ్యి వేసి, నిమిషం నిండేదాకా కదలనివ్వరు. ఆ తర్వాత హైపోలో ముంచి, వరండాలోకి తీసుకెళ్లి పగటి వెలుగులో చూడమంటారు. తడి ప్రింటు ఆరాక ఒక పిసరు నల్లబడుతుందని, దానికి తగ్గట్టు ఇంకో ప్రింటు తీయిస్తారు. ఈ ఓపికకే డబ్బులివ్వొచ్చు.

ఎర్ర దీపం వెలుగు పేపరును పాడుచేస్తోందేమోనని నాణెంతో పరీక్షించాను. పేపరు మీద రూపాయి బిళ్ల పెట్టి ఐదు నిమిషాలు వదిలి, తర్వాత డెవలపరులో వేశాను. ట్రేల దగ్గర పెట్టిన పేపరు తెల్లగానే ఉంది. ఎన్లార్జర్ బల్ల మీద పెట్టినదాంట్లో బిళ్ల చోటు తెల్లటి గుండ్రంగా మిగిలి, చుట్టూ లేత బూడిద రంగు తేలింది. చూపించగానే, ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా ఆ దీపాన్ని ఎత్తుకు మార్చారు.

ఫీజు రోజుకు ఎనిమిది వందలు, పేపరు ఖర్చు వేరు. పేపరు విదేశీ సరుకు, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కంపెనీ నడిచిన కాలపు ‘ఇందు’ పేపరు డబ్బా ఒకటి అక్కడ అటక మీద ఉంది, ఇప్పుడు అందులో మేకులు పోసుకున్నారు. కుళాయి రాని రోజు ప్రింట్లు కడగడం కుదరదు, ముందు ఫోను చేసి వెళ్లండి. సెల్‌ఫోను, వెలిగే వాచీ గుమ్మం బయటే పెట్టిస్తారు, వాదించకండి.