పైడి పేరు లాకెట్: కురుపాం మార్కెట్‌లో చేయించుకునేవాళ్లకి

విశాఖ పాతబస్తీలోని కురుపాం మార్కెట్ సందులో తెలుగు పేర్లతో లాకెట్లు కోసిచ్చే ఓ చిన్న కొట్టులో చెయ్యి తిరిగిన పనే జరుగుతుంది. కాకపోతే దగ్గరుండి చెప్పి చేయించుకోవాలి. ముఖ్యంగా పేరు 'పైడి' అయితే.

పైడి అంటే బంగారమే. ఉత్తరాంధ్రలో ఆ పిలుపు విజయనగరం పైడితల్లమ్మ మొక్కు నుంచి వస్తుంది. బడిలో పైడితల్లి, పైడమ్మ, ఇంటికొస్తే "ఏటే పైడీ!" మగపిల్లాడైతే పైడిరాజు. 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు చనిపోతే పెద్దచెరువులో మునిగిపోయిన చెల్లెలే అమ్మవారుగా వెలిసిందని అక్కడివాళ్ల నమ్మకం.

అసలు చిక్కు అక్షరాల్లో ఉంది. 'ప' పైనుండే గుర్తు కింది ఒంటిని తాకకూడదు, తాకిందా 'వ' అయిపోతుంది. రేకులో కోసేటప్పుడు మాత్రం ఏదో ఒకచోట అతకకపోతే ముక్క ఊడిపోతుంది. ఈ కొట్టులో అడక్కపోతే ముందువైపే టంకం పెట్టేస్తారు. పిల్ల మెడలో 'వైడి' వేలాడుతుంది! వెనకవైపు అడ్డంగా సన్న తీగ వేసి, దానికే అన్ని ముక్కలూ అతకమనండి. ఐత్వం కింది తోకకీ అదే ఆధారం. బుజ్జి, చిట్టి, అమ్మలు లాంటి పేర్లకి వత్తుల దగ్గర ఇదే తంటా. ముద్దుపేర్లలో వత్తులున్నవి చాలానే కదా.

రేకు మందం 0.8 మి.మీ.కి తగ్గనివ్వొద్దు. పలచనైతే పిల్లలు పడుకున్నప్పుడు వంగుతుంది. కొంకీలు రెండు చివరలా, పైఅంచుకి దగ్గరగా ఉండాలి. మధ్యలో పెడితే పేరు తిరగబడుతుంది. కోతకి ముందు అసలు సైజులో కాగితం మీద చూపించమంటే విసుక్కోరు, అది మెచ్చుకోవాలి. అంచుల నునుపు మాత్రం ఓ మాదిరే. 'డి' మీది గుడి కొనలు మెడకి గీసుకుంటాయి, ఆకురాయితో మళ్లీ రుద్దించండి.

2 గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి కాస్త పైకే చేయించుకుని 22 క్యారెట్లని చెప్పే 916 ముద్ర, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఆ నగకి మాత్రమే ఇచ్చే గుర్తింపు కోడ్) చూసుకోండి. తరుగు, మజూరీ కలిపి ఒకే అంకె చెబుతారు. బిల్లులో విడివిడిగా రాయించండి. మార్గశిర గురువారాలు మాత్రం వెళ్లకండి. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికొచ్చే జనంతో ఆ సందుల్లో అడుగు పడదు, కంసాలికి మీ మాట వినిపించదు.