హైదరాబాద్ రైతుబజార్లు: పన్నెండేళ్ళ వాడకం తర్వాత

వచ్చిన కొత్తలో ఆరు నెలలు నాకు తిండి బెంగే. 2013 వేసవిలో అమలాపురం దగ్గర మా ఊరి నుంచి ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చాను. ఫోన్‌లో నాలుగున్నర స్టార్ల హోటల్ కనిపిస్తే ఆదివారం పూట రెండు బస్సులు మారి మరీ వెళ్ళేదాన్ని. కూరగాయలు వీధి చివర సూపర్ మార్కెట్‌లో కొనేదాన్ని. వంకాయ పైకి నిగనిగలాడుతూ ఉండేది, కోస్తే లోపలంతా గింజ కట్టి ఉండేది. గోంగూర ఎంత వేసినా పులుపు తేలేది కాదు. నా వంటలోనే ఏదో లోపం ఉందనుకుని అమ్మకు ఫోన్ చేసి కొలతలు రాసుకునేదాన్ని.

ఒకరోజు మా ఇంటి ఓనరుగారి భార్య నా సంచిలోకి చూసి, "గివెందుకు కొంటవు బిడ్డా, పొద్దుగాల ఎర్రగడ్డ రైతుబజారుకు పో" అంది. ఆ శనివారం వెళ్ళాను. అప్పటినుంచి అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మెహిదీపట్నం అంటూ రైతుబజారు మారింది గానీ శనివారం పొద్దున్న వెళ్ళడం మాత్రం మానలేదు. ఈ ఊళ్ళో మంచి సరుకు, మంచి హోటలు రెండూ నాకు అక్కడే దొరికాయి. కూరగాయల బజారులో హోటలు ఎలా దొరుకుతుందో తర్వాత చెప్తాను.

రైతుబజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. మధ్యలో దళారీ లేకుండా రైతు తన పంట తనే అమ్ముకోవాలని పెట్టిన ఏర్పాటు. రైతుకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు. ధరలు ఏ రోజుకారోజు అధికారులు, రైతుల కమిటీ కలిసి నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. హోల్‌సేల్ ధర కంటే కాస్త ఎక్కువ, బయట చిల్లర ధర కంటే తక్కువ ఉండేలా చూస్తారు. బేరమాడే పని ఉండదు, అది నాకు మొదటి రోజే నచ్చింది. చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆకుకూరలు, టమాటాలు ఆ తెల్లవారుజామున వచ్చినవే ఉంటాయి.

మొదటి రోజు నేను వెళ్ళింది డిసెంబరు చలిలో. "ఆనపకాయ ఉందా అమ్మా?" అని ఒక పెద్దావిడను అడిగాను. ఆవిడ గంపలోంచి చిక్కుడు లాంటి కాయలు గుప్పెడు తీసి నా చేతిలో పెట్టింది. కాదు కాదు, ఇంత పొడుగుంటుంది, పులుసు పెట్టుకుంటాం అని చేతులు చాచి చూపించాను. పక్కన కూర్చున్నావిడతో సహా ఇద్దరూ నవ్వారు. "అది సొరకాయ బిడ్డా. గివి అనపకాయలు. ఒలిచి ఉడకబెట్టుకో, మంచిగుంటయి" అంది. సరేనని అరకిలో తెచ్చుకున్నాను. ఒలుస్తుంటే వేళ్ళకు పచ్చి వాసన, కాస్త జిగురు. గింజలు ఉప్పేసి ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కరివేపాకుతో పోపు పెట్టి గిన్నెడు ఒక్కదాన్నే తిన్నాను. మా కోనసీమలో పుట్టి పెరిగినన్నాళ్ళూ ఆ రుచి నాకు తెలియదు.

ఆ తర్వాత పేర్లు ఒక్కొక్కటే నేర్చుకున్నాను. గోంగూర ఇక్కడ పుంటికూర, వెల్లుల్లి ఎల్లిగడ్డ, బంగాళదుంప ఆలుగడ్డ, మా పావిలి కూర గంగవాయిలి కూర. వాళ్ళ మాటలో అడిగితే ఎలా వండాలో కూడా వాళ్ళే చెప్తారు. గోంగూర సంగతీ అలాగే తేలింది. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ, తెల్ల కాడ దానికి తక్కువ. సూపర్ మార్కెట్‌లో నేను ఆరు నెలలుగా తెల్ల కాడది కొంటున్నాను. లోపం నా వంటలో లేదని తెలిసి ఆ రోజు పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు.

ఇక రైతును ఎలా గుర్తుపట్టాలో చెప్తాను, ఎందుకంటే అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళూ రైతులు కారు. రైతు దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి. కాయలు ఒక్క సైజులో ఉండవు, ఆకుకూర వేళ్ళకు మట్టి ఉంటుంది, ఏ ఊరని అడిగితే ఊరి పేరుతో పాటు పంట కబుర్లు కూడా చెప్తారు. ఒకే బల్ల మీద బీన్సు, క్యాప్సికం, క్యారెట్, కాలీఫ్లవర్ అన్నీ పేర్చి ఉంటే అది కొనితెచ్చిన సరుకు. అది తప్పని అనను. ఆలుగడ్డ ఆగ్రా వైపు నుంచి రావాల్సిందే, అది చేవెళ్ళలోనే దొరకాలని పట్టుబడితే ఎలా? కానీ వంకాయ, బెండకాయ, బీరకాయ, ఆకుకూరలు మాత్రం రైతు దగ్గరే కొంటాను. బీరకాయ కణుపులు గోటితో నొక్కితే దిగాలి. బెండకాయ తోక విరిస్తే టప్పున విరగాలి. అలా విరిచి చూసి వదిలేస్తే ఆ కాయ మిగతావాళ్ళు కొనరు, అందుకని నేను విరిచిన కాయలు నా సంచిలోనే వేసుకుంటాను.

పొద్దున్న ఆరున్నరకు వెళ్ళాలి. తొమ్మిది దాటితే మంచి కాయ ఏరుకుపోయి ఉంటారు. సాయంత్రం ధర తగ్గుతుంది, ఆకుకూర వాడిపోతుంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఒక బజారులో (పేరు ఎందుకు లెండి) కిలో టమాటాలని ఇచ్చినవి ఇంటికొచ్చి తూస్తే 850 గ్రాములే ఉన్నాయి. మరుసటి వారం అడిగితే నీ కాంటా తప్పన్నాడు. అప్పటినుంచి కొక్కెం ఉన్న చిన్న కాంటా సంచిలో వేసుకుని వెళ్తున్నాను. అది చేతిలో కనిపిస్తే చాలు, తూకం సరిగ్గా వస్తుంది. ఇంకోచోట బోర్డు మీద ధర ఒకటి, లోపల అడిగే ధర ఒకటి. వానాకాలంలో చీలమండ దాకా బురద, చెత్త సాయంత్రానికి గానీ ఎత్తరు, బండి పెట్టుకునే చోటుండదు. వేరేవాళ్ళ కార్డు మీద దుకాణం నడిపేవాళ్ళనీ చూశాను. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది అదే. తెల్లవారుజామున గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన రైతు లోపల చోటు లేక గేటు బయట రోడ్డు మీద కూర్చుని అమ్ముకుంటుంటాడు. నేను కొన్నిసార్లు లోపలికి వెళ్ళకుండా ఆ బయటివాళ్ళ దగ్గరే సంచి నింపుకుంటాను.

మా గోదావరి సరుకు మాత్రం అక్కడ అంత తేలిగ్గా దొరకదు. కందా బచ్చలి కూర చేద్దామంటే కంద ఉన్న రోజు బచ్చలి ఉండదు. పనసకాయ దొరికినా పొట్టు కొట్టేవాళ్ళు ఉండరు. పనసపొట్టు కొట్టడం చేయి తిరిగినవాళ్ళు చేసే పని, నాకు రాదు. సీజన్లో రాత్రి బస్సులో మా ఊరి నుంచే తెప్పించుకుంటాను. పులస గురించి అయితే ఒకటే మాట. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరద నీటికి గోదావరిలోకి ఎదురీదితే పులస. నగరంలో తక్కువ ధరకు పులస అంటే ఆగి ఆలోచించండి. చేపలకు నేను రాంనగర్ మార్కెట్‌కు వెళ్తాను, ఇక్కడివాళ్ళు ప్రాణం పెట్టే కొర్రమీనే కొంటాను. మసాలా దినుసులకు బేగంబజార్.

ఆవకాయ కారం విషయంలో మాత్రం రైతుబజారుకు రుణపడి ఉన్నాను. మేం ఎప్పుడూ గుంటూరు మిరపతోనే పెట్టేవాళ్ళం. ఒక మే నెలలో, టెంకతో సహా ముక్కలు కొట్టించుకోవడానికి కత్తిపీట దగ్గర వరసలో నిలబడి ఉంటే, నా ముందున్న వరంగల్ ఆవిడ "సగం చపాటా కలుపు, రంగు జూడు" అంది. చపాటా మిరపకాయ పొట్టిగా, లావుగా టమాటా లాగా ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు చాలా ఎక్కువ. సగం సగం కలిపి పెట్టాను. ఆ జాడీ మళ్ళీ మే వచ్చేదాకా ఎర్రగానే ఉంది. 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి మా ఇంట్లో అందరికీ చూపించాను.

ఇప్పుడు హోటలు సంగతి. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు ప్రతి శనివారం నాకంటే ముందే ఒకాయన వంకాయల గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఉండేవాడు. కాయను తొడిమ పట్టుకుని చుట్టూ తిప్పేవాడు. ముచ్చిక పచ్చగా ఉండాలి, సూది మొనంత కన్నం కూడా ఉండకూడదు, బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. అలా ఏరి ఏరి ఒక్కొక్కటే గోనెలో వేసేవాడు. గోనె నిండడానికి గంట పట్టేది. అమ్మే రైతు కూడా విసుక్కోకుండా కొత్త బుట్ట తెచ్చి ఆయన ముందే గుమ్మరించేవాడు. మూడో వారం ఉండబట్టలేక "ఇంట్లో పెళ్ళా బాబాయ్‌గారూ?" అని అడిగాను. "కర్రీ పాయింటండి. మాది తణుకు" అన్నాడు.

ఆ సాయంత్రమే వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక్క షట్టరు, ఎనిమిది స్టీలు గిన్నెలు, కూర్చునే చోటు లేదు. ఫోన్‌లో పది పన్నెండు రివ్యూలు, మూడున్నర స్టార్లు. తక్కువ వేసినవాళ్ళలో సగం మంది కూర్చోవడానికి కుర్చీ లేదని రాశారు. గుత్తి వంకాయ కూర పొట్లం కట్టించుకున్నాను. నాలుగు పక్షాలుగా చీల్చిన కాయ ఎక్కడా విడిపోలేదు, ముచ్చిక కూడా మెత్తగా ఉడికింది, కూరిన కారం లోపల కండ దాకా పట్టింది. అందులో చేదు కాయ ఒక్కటి కూడా లేదు. ఆఫీసు నుంచి ఆలస్యమైన రోజుల్లో నాలుగేళ్ళు మా ఇంట్లో కుక్కర్లో అన్నం, ఆయన దగ్గర కూర. స్టార్లు చూసుకుని ఉంటే ఆ షట్టరు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళినా ఆగేదాన్ని కాదు.

అప్పటినుంచి పొద్దున్న ఏడింటి దాకా నేను కూరలతో పాటు మనుషులనూ చూస్తాను. ఎక్కువ మొత్తంలో కొంటూ కూడా ఏరి కొనేవాళ్ళు కనిపిస్తే ఏ హోటలని అడుగుతాను. చెప్పనివాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు, పైగా సంతోషపడతారు. మూసే వేళకు వచ్చి, మెత్తబడ్డ టమాటాలు, మచ్చలు పడ్డ కాయలు గంపగుత్తగా తూకం వేయించుకునే బండ్లు కూడా ఉంటాయి. వాటిలో ఒక బండి మీద నేను ఇష్టంగా వెళ్ళే హోటలు పేరు చూశాను. ఆ రాత్రి మనసు బాగోలేదు. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు.

రైతులను అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: మీరు ఏం తింటారు, ఎక్కడ తింటారు? తెల్లవారుజామున మూడింటికి ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు, ఖర్చు తక్కువై కడుపు నిండే చోటే తింటారు. నాకు జొన్నరొట్టెలావిడను చూపించింది పాలకూర అమ్మే ముసలాయన. సాయంత్రాలు రోడ్డు పక్క పొయ్యి పెట్టుకుని, అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు రొట్టె వెడల్పు చేసి పెనం మీద వేస్తుంది. పిండి పాతబడితే రొట్టె అంచులు పగులుతాయి. ఆవిడ రొట్టెకు అంచు గుండ్రంగా, నున్నగా ఉంటుంది, నిప్పుల మీద పూరీలా పొంగుతుంది. తోడుగా పుంటికూర పప్పు. షుగర్ వచ్చాక మా ఆయన రాత్రి భోజనం ఎక్కువ రోజులు ఆ రొట్టెలే. రంజాన్ నెలలో హలీమ్‌కు మాత్రం మటన్ కొట్టతన్ని అడుగుతాను. ఎవరు ఎలాంటి మాంసం తీసుకెళ్తారో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఫోన్‌ను పూర్తిగా వదిలేయలేదు. దారికి, తెరిచి ఉండే వేళలకు, తిన్నవాళ్ళు పెట్టిన ఫొటోలకు పనికొస్తుంది. ఫొటోల్లో ఒకే కూర నెల తేడాతో రెండు రంగుల్లో కనిపిస్తే వంటవాడు మారాడని అర్థం చేసుకుంటాను. అంతవరకే.

కొత్తగా ఈ ఊరు వచ్చి నన్ను అడిగేవాళ్ళకు, మొదటి రెండు వారాలు ఏమీ కొనకపోయినా ఫరవాలేదు, వెళ్ళి తిరగండి అని చెప్తాను. చిల్లర తీసుకెళ్ళండి, టమాటాలకు విడిగా ఇంకో సంచి తీసుకెళ్ళండి. ఒక్కో కూరకు ఒక్కో మనిషిని అట్టిపెట్టుకోండి. వారం తప్పకుండా వెళ్తే నాలుగో వారానికి వాళ్ళే మీ కోసం లేత కాయలు పక్కన పెడతారు.

పోయిన ఏడాది చలికాలంలో అమ్మ వస్తే మెహిదీపట్నం తీసుకెళ్ళాను. గేటు దాటగానే "ఆనపకాయ ఎంతమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చేతిలో గుప్పెడు అనపకాయలు పడ్డాయి. ఆ సాయంత్రం గుగ్గిళ్ళు చేసి పెట్టాను. అమ్మ ఏమీ అనకుండా రెండోసారి గిన్నె చాచింది. ఈ ఏడు డిసెంబరు రాకముందే ఫోన్ చేసింది, అనపకాయలు వచ్చాయా అని. మొన్న శనివారం రెండు కిలోలు కొని, గోనెసంచి ముక్కలో కట్టి అమలాపురం వెళ్ళే రాత్రి బస్సులో వేశాను.