‘వినెగర్ కలుపు మందు’ డబ్బా కొనేవాళ్లు జాగ్రత్త

హనుమకొండలో మా పెరట్లో వానలు మొదలయ్యాయంటే అంతా తుంగే. ఈసారి వంగి తవ్వే ఓపిక లేక, ‘వేళ్లతో సహా చచ్చిపోతుంది, పూర్తిగా సేంద్రియం’ అన్న దుకాణదారు మాట నమ్మి 5 లీటర్ల డబ్బా 900 రూపాయలకు తెచ్చుకున్నాను.

కొట్టిన సాయంత్రానికే ఆకులు వాడి గోధుమ రంగుకు తిరిగాయి. సంబరపడ్డాను. పదో రోజున మాడిన ఆకుల నడుమ సూదుల్లా పచ్చటి మొలకలు! ఒకదాన్ని తవ్వి చూస్తే, దారంలాంటి వేరుకు గొలుసుకట్టుగా వేరుశనగ గింజంత నల్లటి గడ్డలు. గోరుతో గిల్లితే లోపల తెల్లగా, నిక్షేపంగా ఉన్నాయి. వినెగర్‌లో పనిచేసేది ఎసిటిక్ ఆమ్లం. అది తగిలిన ఆకును కాలుస్తుంది తప్ప మట్టిలోని గడ్డ జోలికి పోదు. గరిక సంగతీ అంతే. రెండు మూడు ఆకుల లేత పిచ్చిమొక్కలైతే చస్తాయి, నిజమే. కానీ వాటిని చేత్తో పీకేయడానికి ఎంతసేపు పడుతుంది?

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. తుంపర పడిన బంతి మొక్కలు తుంగకంటే ముందే పోయాయి. వాకిట్లో షాబాద్ బండల మీద ఒలికిన చోట సన్నగా నురగ వచ్చి, నునుపు పోయి తెల్లటి మచ్చలు పడ్డాయి. అది సున్నపురాయి, ఆమ్లం తగిలితే తినేస్తుంది. ఎంత తోమినా పోవడం లేదు. మా అత్తమ్మ రోజూ ఆ మచ్చల పక్కనే ముగ్గు వేస్తూ, ఏమీ అనకుండా నా వైపు ఒకసారి చూస్తారు.

లేబుల్ ఇంటికొచ్చాక కూడా చదవలేదు, తప్పు నాదే. ఆమ్లం ఎంత శాతమో అందులో లేనే లేదు. వంటింటి వినెగర్‌లో 4, 5 శాతం ఉంటుంది. 20 శాతం ఉన్నదైతే చర్మం కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఏ పాటి ఘాటో తెలియని దాన్ని నేను చేతులకు తొడుగులు లేకుండా కొట్టాను. రిజిస్టరైన కలుపు మందు డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, విష తీవ్రత తెలిపే రంగు గుర్తు ఉంటాయి. దీని మీద ఒక ఆకు బొమ్మ ఉంది. వెళ్లి అడిగితే, ‘ఇది మందు కాదు మేడమ్, ఉత్త వినెగరే’ అన్నాడు. అమ్మేటప్పుడు మందు, నిలదీస్తే వినెగర్! బిల్లు తీసుకోలేదు కాబట్టి అంతకుమించి వాదించలేకపోయాను. మీరైనా బిల్లు అడగండి, శాతం రాయని డబ్బా ముట్టుకోకండి.

ఇంకా 3 లీటర్లు మిగిలింది. పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టాను. తుంగను మాత్రం వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉండగా, గడ్డలతో సహా తవ్వి తీస్తున్నాను.